చేని గట్టున దొరికిన కుచ్చుతోక ఎలుక ఏ కుటుంబానికి చెందుతుంది?

ప్రశ్న (కళ్యాణదుర్గం నుంచి):
నేను పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా వేరుశనగ చేని గట్టున ఒక ఎలుక చచ్చిపడి ఉండగా తెచ్చాను. తోక కొసన నల్లని కుచ్చు ఉంది, వెనుక పాదాలు బాగా పొడవు, పై కుంతకాల (ముందరి కొరికే పళ్ళ) మీద నిలువుగా ఒక్కొక్క గాడి ఉంది. దీనిని, పందికొక్కును, ఇంట్లో తిరిగే చుంచును వంశవృక్షంలో ఒకే కొమ్మ మీద గీయవచ్చునా? గుర్తింపునకు పంటి గాడి ఒక్కటే చాలునా?

జవాబు (కర్నూలు నుంచి):
అయ్యా, ముందు చుంచును ఆ చెట్టు మీది నుంచి దించేయండి. 1766లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దానికి పెట్టిన పేరులోని 'మ్యూరైనస్' అనే మాటకు ఎలుకను పోలినదని మాత్రమే అర్థం; అది పురుగులను తినే వేరొక క్రమానికి చెందిన జీవి. నోరు తెరిచి చూస్తే ఎలుకకు కుంతకాల వెనుక ఖాళీ చిగురు, ఆపైన ప్రతి దవడలో ప్రక్కకు మూడేసి చర్వణకాలు (నమిలే పళ్ళు), మొత్తం 16 పళ్ళు కనిపిస్తాయి. చుంచుకు అలాంటి ఖాళీ లేకుండా మొత్తం 30 ఉంటాయి.

మీరు వర్ణించినది జెర్బిల్ అనే ఎలుక, శాస్త్రీయ నామం టటేరా ఇండికా. గాడి ఒక్కటే చాలదు, ఎందుకంటే పొదల్లో తిరిగే గోలుండా అనే ఎలుకకు కూడా అటువంటి గాడే ఉంటుంది గాని, దాని తోక పొట్టి, కొసన కుచ్చు ఉండదు. కాబట్టి తోకను, పాదాలను కలిపి చూడవలసిందే.

జెర్బిల్, పందికొక్కు రెండూ మ్యూరిడే కుటుంబంలోనివే, ఉపకుటుంబాలు మాత్రం వేరు. పందికొక్కు ఇంటి ఎలుకకు దగ్గరి దాయాది. చిట్టెలుక చూపునకు ఇంటి ఎలుక పిల్లలా ఉన్నా, ఆ రెండు శాఖలూ సుమారు 1.2 కోట్ల సంవత్సరాల క్రితమే విడిపోయాయి. పళ్ళ ఆకారాన్ని నమ్మి చాలాకాలం చిట్టెలుక పక్కన ఉంచిన ముళ్ళ ఎలుక, అకోమిస్, డీఎన్ఏ పోల్చినప్పుడు జెర్బిల్‌కే దగ్గరిదని తేలడం నాకు ఇందులో అన్నిటికంటే ఆసక్తికరం.

ప్రశ్నించినవారు:
ఆస్ట్రేలియా బాండికూట్ మన పందికొక్కుకు బంధువేనా? మన ప్రాంతంలో వీటి శిలాజాలేమైనా దొరికాయా?

జవాబు:
బంధువు కాదు, అది పిల్లలను పొట్ట మీది సంచిలో పెంచే సంచి జంతువు. మన 'పందికొక్కు' అన్న మాటే ఆంగ్లంలోకి వెళ్ళి, అక్కడి నుంచి దానికి అంటుకుంది. శిలాజాల విషయానికి వస్తే, బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలలో 1880లలో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు తవ్వించి తీసిన ఎముకలను శిలాజ శాస్త్రజ్ఞుడు లైడెకర్ పరిశీలించి 1886లో ప్రకటించిన జాబితాలో జెర్బిల్, పందికొక్కు, గోలుండా మూడూ ఉన్నాయి.