అప్‌డేట్: హీటెడ్ గ్లోవ్స్ ఉన్నా వేళ్లు మొద్దుబారే సమస్య తీరింది
చలిలో బండి నడిపితే హీటెడ్ గ్లోవ్స్ ఉన్నా వేళ్లు మొద్దుబారుతున్నాయి, ఇంకా మంచివి కొనాలా అని అడిగాను కదా. ముందు ఛాతీకి వేడి కావాలన్న సలహానే పనిచేసింది. ఒళ్లు చల్లబడితే శరీరం చేతులకు రక్తం తగ్గించేస్తుంది. 12 వోల్టుల హీటెడ్ లైనర్ (జాకెట్ లోపల వేసుకునే, బండి బ్యాటరీతో వేడెక్కే పొర) వేసుకున్నాక పాత గ్లోవ్స్‌తోనే రెండు గంటలు హాయిగా వెళ్లాను. మొదటి రోజు స్వెటర్ మీద వేసుకుంటే వేడే తెలియలేదు. పల్చటి టీషర్ట్ మీద, ఒంటికి ఆనుకునేలా వేసుకోవాలి. పైన గాలి చొరబడని జాకెట్ తప్పనిసరి.

బండి లైనర్‌కి కావాల్సిన కరెంటు లోడు మోస్తుందా అని టెన్షన్ పడ్డాను. లైనర్ ఆన్‌లో ఉండగా మెకానిక్ మీటర్ పెట్టి చూస్తే రేస్ ఇచ్చినప్పుడు 13.8 వోల్టులు, ఐడిల్‌లో 12.6. అంటే ఐడిల్‌లో బ్యాటరీ సరిగా ఛార్జ్ అవ్వదు. అందుకే ఎక్కువసేపు ఆగాల్సి వస్తే లైనర్ ఆపేస్తున్నాను. వైరు ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే ఇచ్చాడు. పెద్ద బ్యాటరీ అవసరమే రాలేదు. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.