మా షాపు పేరుతో దొంగ సైట్ పెట్టారు, ఎలా తీయించాలి?

పచ్చళ్ళకొట్టు: అన్నలూ కొంచెం అర్జెంట్. మాది పచ్చళ్ళ వ్యాపారం, ఆరేళ్ళుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. ఎవడో మా డొమైన్ పేరులో ఒక్క అక్షరం ఎక్కువ పెట్టి ఇంకో డాట్ కామ్ కొని, మా ఫొటోలు, ఆఖరికి మా అమ్మ ఫొటో కూడా దించేసి సగం రేటుకే అని యాడ్స్ వేస్తున్నాడు, కార్డు వివరాలన్నీ ఆ పేజీలోనే కొట్టమంటున్నాడు. నిన్న అమెరికా నుంచి ఒకావిడ ఫోన్ చేసి డబ్బులు కట్టి నెలైంది బాబూ ఇంకా రాలేదంటే నాకు నోట మాట రాలేదు. ఓనర్ ఎవరో చూద్దామంటే వివరాలన్నీ దాచేశారు.

సర్వర్‌గది: ఓనర్ కోసం వెతక్కు తమ్ముడూ, వాడికి డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్‌ని పట్టుకో. ప్రపంచంలో డొమైన్ పేర్ల వ్యవస్థని చూసుకునే ఐకాన్ (ICANN) అనే సంస్థ లుకప్ పేజీలో ఆ పేరు కొడితే రిజిస్ట్రార్ ఎవరో, కంప్లైంట్లు పంపే వాళ్ళ అబ్యూస్ మెయిల్ ఏంటో వస్తాయి. 2024 ఏప్రిల్ 5 నుంచి రూల్ మారింది, ఫిషింగ్ (నకిలీ పేజీతో వివరాలు లాగడం), మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) లాంటివాటి మీద గట్టి ఆధారంతో కంప్లైంట్ వెళ్తే రిజిస్ట్రార్ చర్య తీసుకోవాల్సిందే. మెయిల్ ఎలా రాస్తావన్నదే అసలు సంగతి. మా పేరు కాపీ కొట్టాడు అంటే అది ట్రేడ్‌మార్క్ గొడవ, మాకు సంబంధం లేదంటారు. మా షాపులా నటించి జనం కార్డు వివరాలు లాగుతున్నాడు, ఇది ఫిషింగ్ అని రాయి. పూర్తి లింకులు, తేదీ కనపడే స్క్రీన్‌షాట్లు, పక్కనే మీ అసలు పేజీ పెట్టు. వాళ్ళు హోల్డ్‌లో పెడితే సైట్ తెరుచుకోదు. ఆ సైట్‌ని తమ సర్వర్‌లో ఉంచిన హోస్టింగ్ వాళ్ళకీ అదే మెయిల్ కొట్టు.

లా_చదివినక్క: హోల్డ్‌లో పెట్టినా ఆ పేరు మీది అవ్వదు. మీ చేతికి రావాలంటే యూడీఆర్‌పీ (డొమైన్ పేర్ల తగాదాలు తీర్చే ఐకాన్ పద్ధతి) కింద కేసు వేయాలి, పేరు మీ మార్కులాగే ఉందని, వాడికి దాని మీద హక్కు లేదని, దురుద్దేశంతోనే కొని వాడుతున్నాడని మూడూ చూపించాలి. ఆ కేసులు చూసే వైపో (ఐక్యరాజ్యసమితి మేధో సంపత్తి సంస్థ)లో తీర్పు చెప్పే ప్యానలిస్ట్ ఒక్కరే అయినా ఫీజు 1500 డాలర్లు. చిన్న షాపువాళ్ళు ఎక్కడ తెస్తారు చెప్పండి? డాట్ ఇన్ అయితే ఇక్కడే, ఆ పేర్లు చూసుకునే నిక్సీ సంస్థ దగ్గర వేరే పద్ధతి ఉంది. ముందు ట్రేడ్‌మార్క్‌కి అప్లై చేయండి, దగ్గరి స్పెల్లింగులు రెండు మూడు మీరే కొనేయండి.

మాసబ్‌ట్యాంక్: బ్యాంకులకైతే ఆర్‌బీఐ '.bank.in' అని విడిగా డొమైన్ తెచ్చింది, మన హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే ఇస్తుంది, బ్యాంకు కానివాడికి దొరకదు. చిన్న షాపులకి అలాంటి కంచె లేకపోవడం నిజంగా బాధగా ఉంది. ఆ అమెరికా ఆవిడని వెంటనే కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) వేయమను, ఇక్కడివాళ్ళెవరైనా మోసపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమను. బ్రౌజర్‌లో సైట్ అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉందని నమ్మొద్దని కూడా మీ పేజీలో పెట్టు, ఆ బొమ్మ వెనకుండే సర్టిఫికెట్ దొంగ సైట్‌కి కూడా ఫ్రీగానే వస్తుంది.

పచ్చళ్ళకొట్టు: రిజిస్ట్రార్ దొరికాడన్నా, స్క్రీన్‌షాట్లు తీస్తున్నా, ఈ రాత్రికే మెయిల్ వెళ్ళిపోతుంది. ఆవిడకి డిస్ప్యూట్ సంగతి చెప్పాను. అడ్రస్ కూడా తీసుకున్నా, కేజీ ఆవకాయ మేమే పంపుతున్నాం, అమ్మ ఒకటే పట్టు.