16 రంగుల్లో పల్లె దృశ్యం: పిక్సెల్ ఆర్ట్‌కు పాలెట్ కూర్చుకోవడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. ఒక చిన్న మొబైల్ ఆట కోసం కోనసీమ పల్లె దృశ్యాన్ని 16×16 పిక్సెళ్ల టైళ్లతో (పక్కపక్కన పేర్చే చిన్న చదరపు బొమ్మలతో) గీస్తున్నాను. వరిచేను, పెంకుటిల్లు, కాలువ, గేదె, పసుపు చీర కట్టుకున్న ఒక స్త్రీ అందులోని ముఖ్య వస్తువులు. ఒక్కో వస్తువుకు విడిగా రంగులు ఎంచుకుంటూ పోవడం వల్ల మొత్తం అరవైకి పైగా పోగయ్యాయి. విడివిడిగా చూస్తే ప్రతి బొమ్మా బాగానే ఉంది కానీ, అన్నీ ఒకే తెర మీదికి చేరేసరికి వేర్వేరు ఆటల నుంచి తెచ్చి అతికించినట్టు కనిపిస్తున్నాయి. 16 రంగులకు కుదిద్దామని, పిక్సెల్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఆసెప్రైట్‌లో ఇండెక్స్‌డ్ మోడ్‌కు (ప్రతి పిక్సెల్ రంగునూ ఒక జాబితాలోని సంఖ్యతో గుర్తించే మోడ్‌కు) మార్చితే చేనంతా చుక్కలు పడింది. సిద్ధంగా దొరికే పాలెట్ (బొమ్మలో వాడే రంగుల జాబితా) తీసుకోమంటారా, సొంతంగా కూర్చుకోమంటారా?

మొదటి సమాధానం

ముందుగా చుక్కల సంగతి చెబుతాను. అవి డిథరింగ్ వల్ల, అంటే ఉన్న రంగుల చుక్కలను కలగలిపి లేని రంగును భ్రమింపజేసే పద్ధతి వల్ల వచ్చినవి. మోడ్ మార్చేటప్పుడు కనిపించే డిథరింగ్ ఎంపికను తీసివేస్తే చుక్కలు పోతాయి. అయినా రంగుల కుదింపును సాఫ్ట్‌వేర్‌కు వదలడం నాకు సమ్మతం కాదు. ఏది ముఖమో ఏది గడ్డో దానికి తెలియదు కాబట్టి, తెరలో ఎక్కువ చోటు ఆక్రమించిన చేనుకు అరడజను ఆకుపచ్చలు కేటాయించి, చీర పసుపును మట్టి రంగులో కలిపివేసే ప్రమాదం ఉంది.

సిద్ధంగా దొరికే పాలెట్లను వాడకపోయినా పరిశీలించడం మంచిది. చిన్న ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ పికో-8 ప్రామాణిక పాలెట్‌లోని 16 రంగుల్లో ఆకుపచ్చలు రెండే, వాటిలో ఒకటి కళ్లు చెదిరేంత ప్రకాశవంతమైనది. వరిచేనుకు అది నప్పదు. డాన్‌బ్రింగర్ 16 అనే మరో పాలెట్‌లో కూడా ఆకుపచ్చలు రెండే ఉన్నా, వాటి పైమెట్టుగా అందులోని లేత పసుపు చక్కగా అమరుతుంది. అదే పసుపు వేరే చోట ఇసుకకో వెలుగుకో కూడా పనికొస్తుంది. తక్కువ రంగుల పాలెట్‌లో ఏ రంగూ ఒకే వస్తువుకు పరిమితం కాకూడదు. మీ అరవై రంగుల మధ్య పొత్తు కుదరకపోవడానికి అసలు కారణం వాటిలో ఏదీ రెండు వస్తువులకు ఉమ్మడిగా లేకపోవడమే.

మీ దృశ్యానికైతే సొంతంగా కూర్చుకోవడమే మేలు. ముదురు నుంచి లేతకు మెట్లుగా సాగే రంగుల వరుసను ర్యాంప్ అంటారు. ముందుగా అన్ని ర్యాంపులకూ ఉమ్మడిగా ఉండే రెండు కొసలను నిర్ణయించుకోండి. ముదురు కొసకు శుద్ధమైన నలుపు బదులు హ్యూ (రంగు జాతి) 235, శాచురేషన్ (గాఢత) 45, వాల్యూ (నలుపు నుంచి ఎంత దూరమో) 22 గల నీలి చీకటిని, లేత కొసకు శుద్ధమైన తెలుపు బదులు హ్యూ 52, శాచురేషన్ 30, వాల్యూ 96 గల మీగడ రంగును తీసుకోండి. ఈ రెండింటి నడుమ చేనుకు మూడు మెట్లు చాలు (అంకెలు అదే వరుసలో): 165, 55, 38 గల ముదురు పచ్చ, 115, 55, 58 గల నడిమి పచ్చ, 75, 60, 78 గల లేత పచ్చ. నీడ వైపు హ్యూ నీలానికి, వెలుగు వైపు పసుపుకు జరుగుతున్నదని గమనించండి. హ్యూను కదపకుండా వాల్యూ ఒక్కటే తగ్గిస్తూ పోతే నీడలు మసి పూసినట్టు జీవం లేకుండా తయారవుతాయి. ఇదే పద్ధతిలో మట్టికి, పెంకులకు 345, 45, 38; 15, 62, 62; 30, 58, 84 సరిపోతాయి.

ఇంతవరకు ఎనిమిది రంగులయ్యాయి. కాలువకు, ఆకాశానికి కలిపి మూడు నీలాలు, గేదెకు రెండు బూడిద రంగులు, చీరకు ఒక పసుపు, ఎక్కడైనా కంటికి ఆనడానికి ఒక ఎరుపు చేరిస్తే పదిహేనవుతాయి. ఒంటి రంగుకు మట్టి ర్యాంపే సరిపోతుంది, దానికి ప్రత్యేకంగా ఏదీ అవసరం లేదు. పదహారవ స్థానాన్ని ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి. సగం పని పూర్తయ్యాక ఏ రంగు లోటో దానంతట అదే బయటపడుతుంది.

రెండవ సమాధానం

పై సూచనలతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం తెలియజేస్తున్నాను. వాల్యూ అంకెను చూసి ప్రకాశాన్ని అంచనా వేయకూడదు. శుద్ధమైన పసుపుకు, శుద్ధమైన నీలానికి వాల్యూ 100 చొప్పునే ఉంటుంది; కానీ ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 చొప్పున తూకమిచ్చే సూత్రంతో లెక్కిస్తే, 255కు గాను పసుపు ప్రకాశం 226 దాకా, నీలం ప్రకాశం 29 మాత్రమే వస్తాయి.

ఇదే సూత్రాన్ని పైన ఇచ్చిన రంగులకు వర్తింపజేశాను. ఉమ్మడి కొసలు సుమారు 35, 231 వచ్చాయి. నడిమి మెట్లు పచ్చకు 79, 116, 176. మట్టికి 68, 104, 164. మెట్ల నడుమ ఎడం బాగానే ఉంది, కానీ రెండు ర్యాంపులూ దాదాపు సమాన ఎత్తులో నడుస్తున్నాయి. నడిమి పచ్చ చేను వెనుక నడిమి ఇటుక రంగు పెంకులు వేస్తే, 116కు 104కు తేడా అత్యల్పం కాబట్టి ఎండలో ఫోన్ చూసేవారికి, ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియని వారికి కప్పు చేనులో కలిసిపోతుంది. ఫైలుకు నకలు తీసి, కలర్ మోడ్‌ను గ్రేస్కేల్‌కు (బూడిద ఛాయలకు) మార్చి చూడండి. ఇల్లు ఇల్లుగా కనబడకపోతే లోపం అక్కడే ఉంది.

మొదటి సమాధానమిచ్చినవారు

అభ్యంతరం సమంజసమే. అయితే దానికోసం ర్యాంపులను మార్చనక్కర్లేదు. సమాన ఎత్తులో ఉన్నందువల్ల ఒకే టైలును రంగులు మార్చి మళ్లీ వాడుకునే సౌలభ్యం ఉంటుంది. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో మేఘానికీ పొదకూ ఆకారం ఒకటే, పాలెట్ మాత్రమే వేరు. పక్కపక్కన వచ్చే వస్తువులకు వేర్వేరు మెట్లు వాడితే చిక్కు తీరుతుంది. చేను లేత పచ్చలో ఉంటే కప్పును ఇటుక రంగులో వేసి, చూరు కింద ముదురు కొసతో ఒక పిక్సెల్ వరుస నీడ గీయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. గ్రేస్కేల్‌లో చూస్తే నిజంగానే ఇల్లు కనిపించలేదు. చూరు నీడ గీశాక స్పష్టంగా తేలింది. ఇంకొక చిక్కు మిగిలింది. ముదురు కొసను పాలెట్‌లో మొదటి గడిలో పెట్టాను. దానితో గేదె కన్ను గీస్తే రంగు పడకపోగా అక్కడ ఉన్నది చెరిగిపోతోంది.

రెండవ సమాధానమిచ్చినవారు

ఇండెక్స్‌డ్ మోడ్‌లో సున్నా సంఖ్య గల గడిని ఆసెప్రైట్ సహజంగా పారదర్శకంగా పరిగణిస్తుంది. స్ప్రైట్ మెనూలోని ప్రాపర్టీస్‌లో ట్రాన్స్‌పరెంట్ కలర్ సంఖ్యను మార్చవచ్చు, కానీ మొదటి గడిని బొమ్మలో ఎక్కడా వాడని రంగుకు కేటాయించి, మీ 16 రంగులను ఒకటవ సంఖ్య నుంచి మొదలుపెట్టడమే నిలకడైన పద్ధతి. గడుల వరుసను ఇప్పుడే ఖాయం చేసుకోండి. తరువాత రాత్రి దృశ్యం కావాలంటే టైళ్లను మళ్లీ గీయకుండా, అవే స్థానాల్లో నీలం వైపు జరిపిన రంగులను నింపితే సరిపోతుంది. కిటికీలో దీపం వెలగాలంటే ఖాళీగా ఉంచిన ఆ పదహారవ స్థానాన్ని దీపానికి కేటాయించి, రాత్రి పాలెట్‌లో ఆ ఒక్క రంగును మాత్రం నీలం వైపు జరపకండి.