హైదరాబాద్ నుంచి డల్లాస్: నిజంగా ఎన్ని గంటలు?

ఓరుగల్లు కుర్రాడు: జనవరిలో అమ్మానాన్న దుబాయ్ మీదుగా డల్లాస్ వస్తున్నారు. టికెట్ చూస్తే తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కి అదే రోజు మధ్యాహ్నం మూడున్నరకి దిగుతారట! అసలు ఎంతసేపు కూర్చోవాలి? నాన్నకి షుగర్, అదే టెన్షన్.

మ్యాపుల పిచ్చోడు: అవి ఎక్కడి టైము అక్కడిది బ్రో. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక, అది కలిపితే మొత్తం 23 గంటలు. దుబాయ్‌కి సుమారు 2,500 కిలోమీటర్లు, నాలుగు గంటల్లోపే, అదొక లెక్కే కాదు. అసలు పరీక్ష ఆ తర్వాతే, దాదాపు 12,900 కిలోమీటర్లు ఏకబిగిన, పదహారు గంటలు.

గోదారి గట్టు: తిరుగు ప్రయాణంలో ఆ పెద్ద ఫ్లైట్ గంటకి పైగా తగ్గుతుంది. జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తులో ఉండే జోరు గాలి, పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కదా, వెనక నుంచి తోస్తుంది.

అమీర్‌పేట్ అక్క: తమ్ముడూ, ఇన్సులిన్ వాడుతుంటే చేతిబ్యాగులోనే, డాక్టర్ చీటీతో సహా పెట్టించు. కింద లగేజీలో వేస్తే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఏ టైముకి ఎంత డోసో డాక్టర్నే అడగండి, రోజు అంత సాగిపోతుంది మరి. నడవా పక్క సీటు తీసుకో, దుబాయ్‌లో వీల్‌చెయిర్ మొహమాటపడకుండా ఇప్పుడే పెట్టెయ్.