రాత్రి డ్యూటీలో లిఫ్ట్ ఉండదు, దివ్యాంగ కోటా పీజీని: అర్జీ ఎవరికి పెట్టాలి?

మాది కందుకూరు. దగ్గర్లోని ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ పీజీ, రెండో సంవత్సరం. కుడి కాలికి పోలియో, కాలిపర్ (కాలికి ఆధారంగా కట్టుకునే పరికరం) వేసుకుంటాను. దివ్యాంగుల 5 శాతం కోటాలో సీటు వచ్చింది.

నాలుగు రోజులకోసారి 24 గంటల డ్యూటీ. క్యాజువాలిటీ (అత్యవసర విభాగం) కింది అంతస్తులో, వార్డు మూడో అంతస్తులో. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లిఫ్ట్‌కి తాళం. ఒక చేత్తో రెయిలింగ్, ఇంకో చేత్తో కేస్‌షీట్లు పట్టుకుని 66 మెట్లు, రాత్రికి నాలుగైదు సార్లు. తెల్లారేసరికి మోకాలు వాచిపోతోంది.

జూన్‌లో యూనిట్ చీఫ్‌కి నోటిమాటగా చెప్పాను. జూలైలో హెచ్‌ఓడీకి (విభాగాధిపతికి) రాసిచ్చాను, ఆగస్టులో ప్రిన్సిపాల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. "అందరికీ ఒకటే రూలు" అన్నారు, అంతే. తోటి పీజీలు డ్యూటీలు మార్చుకుంటున్నారు కానీ ఎన్నాళ్లు అడగను? నాకు డ్యూటీ తగ్గించనక్కర్లేదు, లిఫ్ట్ తాళం ఇస్తే చాలు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 23 ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. మా ఆఫీసులో అడిగితే ఆ పేరే వినలేదన్నారు.

ఇలాంటి వసతి రాతపూర్వకంగా సాధించిన పీజీలు ఎవరైనా ఉంటే చెప్పండి: ఇప్పుడు నేరుగా రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి అర్జీ పెట్టవచ్చా, లేక ముందు కాలేజీ నుంచి రాతపూర్వక జవాబు ఉండాలా?