సాల్మన్ మీద తీపి పళ్ల గ్లేజ్: చేపకి నప్పుతుందా, చేపనే మింగేస్తుందా?

పులుపుప్రియ
ఇంట్లో సాల్మన్ వండేవాళ్ల మధ్య ఈ పేచీ ఎప్పటికీ తెగదు. నారింజ రసమో ఆప్రికాట్ జామో దగ్గరపడేదాకా కాచి, ఆ చిక్కటి పూతని (గ్లేజ్) ముక్క మీద మెరిసేలా పూసి వండితేనే రుచి అని కొందరు. చేపకి తీపి పూయడమేంటి, జామ్ తిన్నట్టుంటుంది అని ఇంకొందరు.

నేను మొదటి జట్టు. నా కారణం సాల్మన్‌లో ఉండే కొవ్వు. తెల్ల చేపల రుచి చాలా సున్నితం. వాటి మీద తీపి వేస్తే చేప కనపడకుండా పోతుంది, అది నేనూ ఒప్పుకుంటాను. సాల్మన్ అలా కాదు. పెంపకపు అట్లాంటిక్ సాల్మన్‌లో 100 గ్రాములకి దాదాపు 13 గ్రాముల కొవ్వు ఉంటుంది. ఆ జిడ్డుకి దీటుగా నిలబడే రుచి ఇంకొకటి కావాలి. పండులో తీపితో పాటు పులుపూ ఉంటుంది కాబట్టి ఆ పని బాగా చేస్తుంది. ఉత్త చక్కెర వల్ల కాదు. మీరేమంటారు?

చేపముల్లు
పులుపుప్రియ గారూ, జిడ్డు విరగాలంటే నిమ్మచెక్క చాలదా? దానికి జామ్ దాకా ఎందుకు? తాజా సాల్మన్‌కి తనదైన తీపి కొంచెం ఉంటుంది. ఉప్పు, మిరియాలు, బాగా కాలిన పెనం, చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం. ఇంతే పెడితే ఆ తీపి నాలుకకి తెలుస్తుంది. పైన చక్కెర పొర ఉంటే ముందు తగిలేది అదే, చేప తరవాతెప్పుడో.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెప్తాను. తీపి పూత నీచు వాసనని కప్పేస్తుంది. తాజా చేపకి ఆ కప్పడం అక్కర్లేదు. తాజాది కాని చేపని పూతతో నెట్టుకురావడం మంచి పద్ధతి కాదు. పైగా తోలు సంగతి చూడండి. సాల్మన్ తోలు కరకరలాడేలా వేగితే దాన్ని మించింది లేదు. తడి పూత తగిలిందంటే మెత్తబడి సాగుతుంది.

సెగలెక్క
చాలా ఇళ్లలో గ్లేజ్ చెడేది టైమింగ్ దగ్గర. పళ్లలో, తేనెలో ఫ్రక్టోజ్ అనే చక్కెర బాగా ఉంటుంది. అది దాదాపు 110 డిగ్రీల సెల్సియస్ దగ్గరే రంగు తిరగడం మొదలుపెడుతుంది. మామూలు చక్కెరకి 160 దాకా రావాలి. చేపని 200 డిగ్రీల ఓవెన్‌లో పెట్టే ముందే పూత పూసేస్తే, ముక్క ఉడికేలోపు ట్రే మీదకి కారినదంతా నల్లగా మాడిపోతుంది. ఆ మాడు వాసన చేపకీ పడుతుంది. తిన్నవాళ్లు తీపి నచ్చలేదంటారు గానీ వాళ్ల నోటికి తగిలింది మాడిన చేదు.

2.5 సెంటీమీటర్ల మందం ముక్కకి ఆ వేడిలో సుమారు 10 నుంచి 12 నిమిషాలు పడుతుంది. పూత చివరి 3, 4 నిమిషాల్లో వేస్తే చాలు.

కొత్తకుంపటి
చిన్న డౌట్ అండీ. పచ్చి పైనాపిల్ రసంలో చేపని రాత్రంతా ఊరబెట్టి, పొద్దున ఆ రసాన్నే కాచి గ్లేజ్ చేసుకోమని ఒకచోట చూశాను. చేయొచ్చా?

సెగలెక్క
వద్దండీ. పచ్చి పైనాపిల్‌లో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ప్రొటీన్లని విరగ్గొడుతుంది. చేప కండ అసలే సుతారం, రాత్రంతా ఊరితే పైపొర చిదికిపోతుంది. బొప్పాయి, కివీల్లోనూ ఇలాంటివే ఉంటాయి. రసాన్ని ముందే మరిగిస్తే ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది, కాబట్టి కాచిన గ్లేజ్‌తో ఆ భయం లేదు. డబ్బా పైనాపిల్ కూడా తయారీలోనే వేడి చేసిందే. నిమ్మ, నారింజ రసాల్లో కూడా అరగంట మించి వదలకండి. పులుపుకి కండ పైన తెల్లబడి బిగుసుకుంటుంది.

ఇంకోటి. పచ్చి చేప ఊరిన రసాన్ని తరవాత పూతగా వాడాలంటే బాగా మరగాల్సిందే. అంతకంటే కొత్త రసం తీసుకోవడం మేలు.

పులుపుప్రియ
చేపముల్లు గారి నిమ్మచెక్క మాటకి వస్తాను. పిండిన నిమ్మరసం పక్కకి జారి పళ్లెంలోకి పోతుంది. గ్లేజ్ ముక్కని అంటిపెట్టుకుని ఉంటుంది, ప్రతి ముక్కలో పులుపు, ఉప్పు, కారం కాస్త కాస్త తగులుతాయి. అలా నిలవడానికి పండులో ఉండే, జామ్‌ని చిక్కబరిచే పెక్టిన్ సాయం చేస్తుంది. ఆప్రికాట్, ప్లమ్, నారింజ మార్మలేడ్ (తొక్కతో చేసే జామ్) బాగా కుదిరేది అందుకే.

నేను చేసే తీరు చెప్తాను. ఒక కప్పు నారింజ రసం, రెండు పెద్ద చెంచాల ఆప్రికాట్ జామ్, ఒక పెద్ద చెంచా సోయా సాస్, దంచిన అల్లం, కాసిని ఎండుమిరప పలుకులు. వెడల్పు గిన్నెలో పోసి సన్నసెగ మీద మూడో వంతుకి దిగేదాకా కాస్తాను. మొదట్లో బుడగలు చిన్నగా, గబగబా నురగలా వస్తాయి. దగ్గరపడే కొద్దీ అవి పెద్దవై, నిదానించి, నిగనిగలాడతాయి. అప్పుడు గరిటె వెనక వేలితో గీత గీసి చూడాలి. గీత పూడకుండా నిలిస్తే దించేయొచ్చు. తీగపాకం దాకా పోనివ్వకూడదు, చల్లారితే ఇంకా చిక్కబడుతుంది. దించాక చెంచాడు నిమ్మరసం. ముందే వేసి కాస్తే దాని తాజాదనం పోతుంది.

గ్లేజ్‌ని విడిగా నాకి చూస్తే కొంచెం ఎక్కువ పుల్లగా, ఉప్పగా అనిపించాలి. అప్పుడే కొవ్వు చేప మీద సరిపోతుంది. విడిగానే తియ్యగా, ముద్దుగా ఉందంటే చేప మీద అతి అవుతుంది. ఇక్కడే ఎక్కువమంది జామ్ పెంచేసి, చేపముల్లు గారు చెప్పే పరిస్థితి తెచ్చుకుంటున్నారు.

ముక్కని కాగితంతో తడి లేకుండా అద్దాలి, లేకపోతే పూత జారిపోతుంది. పూతలో కొంత ముందే వేరే గిన్నెలోకి తీసి ఉంచండి. పచ్చి చేపకి తగిలిన బ్రష్ ముంచిన గిన్నెలోది వడ్డించకూడదు.

చేపముల్లు
అంటిపెట్టుకుని ఉండటమే నా అభ్యంతరం. నిమ్మచెక్క పళ్లెంలో ఉంటే ఎవరికి కావాల్సినంత వాళ్లు పిండుకుంటారు. పూతకి ఆ వీలు లేదు. పైగా మీరు చెప్పే లెక్కంతా కొవ్వు బాగా పట్టిన పెంపకపు సాల్మన్‌కి. సాకై, పింక్ లాంటి, పెంపకంలో కాక సహజంగా పెరిగే సాల్మన్ రకాల్లో కొవ్వు తక్కువ. పింక్‌లో 100 గ్రాములకి 4 గ్రాములకి అటూ ఇటూ. జిడ్డే లేనప్పుడు పూత దేన్ని విరిచేట్టు? ఆ రకాలు త్వరగా ఎండిపోతాయి కూడా. పూత ఎర్రబడేదాకా ఆగితే లోపల పొడిబారడం ఖాయం.

వడ్డనబల్ల
మా ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లున్నారు. అందుకే గ్లేజ్‌ని పక్కన గిన్నెలో పెడతాను, పూయను. ఎవరి ఇష్టం వాళ్లది. ఈ గొడవకి ఇదే మంచి దారి కదా?

పులుపుప్రియ
వడ్డనబల్ల గారూ, మీ ఇంటికి అదే సరైన పద్ధతి, అందులో మరో మాట లేదు. కానీ రుచి వేరు. పక్కన పెట్టింది సాస్. సెగ తగిలి, అంచుల్లో కాస్త ఎర్రబడి, చేప నూనెతో కలిసిన పూతకి వచ్చే రుచి దానికి రాదు. జపాన్ వాళ్ల తెరియాకీలో సోయా, మిరిన్ (తియ్యటి బియ్యపు వంట సారా) కలిపిన తీపి సాస్‌ని కాలుతున్న చేప మీద పూసి మళ్లీ కాల్చేది అందుకే.

చేపముల్లు గారూ, సాకై మాట ఒప్పుకుంటున్నాను. దానికి నేను కూడా పూయను.

సెగలెక్క
చేపముల్లు గారి ఆఖరి మాట కొత్తగా వండేవాళ్లు గట్టిగా పట్టించుకోవాలి. గ్లేజ్ ఉన్నప్పుడు పైరంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేం. పైన ఎర్రగా మెరుస్తుంటుంది, లోపల పచ్చిగా ఉండొచ్చు, ఎండిపోయీ ఉండొచ్చు. మామూలుగా సాల్మన్ ఎక్కువ ఉడికితే పక్కల నుంచి తెల్లటి ప్రొటీన్ ముద్దలు బయటికొస్తాయి, ఆ గుర్తుని కూడా పూత దాచేస్తుంది. అందుకని థర్మామీటర్ మందపు చోట గుచ్చి చూడండి. అమెరికా ప్రభుత్వ ఆహార భద్రతా సూచన 63 డిగ్రీలు. చాలామంది వంటవాళ్లు మెత్తదనం కోసం 52 దగ్గరే తీసేస్తారు. గర్భిణులు, పసిపిల్లలు, పెద్దవాళ్లు తింటుంటే 63 తగ్గనివ్వకండి.

కొత్తకుంపటి
మరి తోలు కరకరలాడాలి, గ్లేజ్ కూడా కావాలి అంటే కుదరదా అండీ?

చేపముల్లు
కుదురుతుంది. ఓవెన్‌లో పెట్టగలిగే పెనం తీసుకోండి. నూనె కాలాక ముక్కని తోలు వైపు కిందికి వేసి, మొదటి నిమిషం గరిటెతో నొక్కి పట్టండి, లేకపోతే తోలు ముడుచుకుంటుంది. తిప్పొద్దు. ముప్పావు వంతు ఉడికాక పై కండ మీద మాత్రం పల్చగా పూసి, ఓవెన్ పైసెగ (గ్రిల్) కింద రెండు నిమిషాలు పెట్టండి. అంచులు దాటి కిందికి కారనివ్వకండి. నా ముక్కకి మాత్రం నిమ్మచెక్కే.