పండగ సెలవుల్లో తిండి కంట్రోల్ అవ్వట్లేదు, మీరేం చేస్తున్నారు?

అర్ధరాత్రి_ఆకలి:
ప్రతి ఏడాదీ ఇదే గోల నాకు. సెలవులకి ముందు నెల రోజులు పద్ధతిగా తింటా, వాకింగ్ చేస్తా, ఇల్లు చుట్టాలతో నిండగానే ఒక్కటీ నిలబడదు. మొన్న పండగ రోజు ఎలాగూ మధ్యాహ్నం భారీ భోజనం ఉంది కదా అని పొద్దున్నుంచి ఏమీ తినలేదు, తీరా కూర్చున్నాక రెండోసారి ఎప్పుడు వడ్డించుకున్నానో కూడా గుర్తులేదు. అది పోనీలే అనుకుంటే రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు తెరిచి ఆ లైట్ వెలుతుర్లోనే నిలబడి స్వీట్ డబ్బాలోంచి సగం ముక్క తుంచుకుని తిన్నా, మూత పెట్టా, మళ్ళీ మూత తీసి మిగతా సగం ఎండిపోతుందిలే అని అదీ తినేశా. పొద్దున చూస్తే కేజీన్నర ఎక్కువ చూపిస్తోంది. ఇంకా పది రోజుల సెలవులున్నాయి. పెద్దవాళ్ళు వడ్డిస్తుంటే వద్దనలేం, మొహం మాడ్చుకుంటారు. డైట్ చార్టులు పెట్టకండి ప్లీజ్, మీరు నిజంగా చేసినవి చెప్పండి.

లెక్కల_పిచ్చి:
ముందు ఆ కేజీన్నర భయం వదిలెయ్ బ్రో, ఒక్క రోజులో అంత కొవ్వు పట్టదు. కేజీ కొవ్వు పెరగాలంటే ఒంటికి కావాల్సినదానికి మించి ఇంచుమించు 7,700 కాలరీలు తినాలి, నువ్వెంత తిన్నా మధ్యాహ్నం ఒక్క పూటలో అది కష్టం. ఉప్పు ఎక్కువైతే ఒళ్ళు నీళ్ళు పట్టేసుకుంటుంది, దానికితోడు పిండిపదార్థాల్ని గ్లైకోజెన్‌గా, అంటే ఒంట్లో నిల్వ చక్కెరగా దాచుకున్నప్పుడు గ్రాముకి 3 గ్రాముల దాకా నీళ్ళు కూడా చేరతాయి. రెండు మూడ్రోజులు మామూలుగా తిను, దిగిపోద్ది.
అసలు సంగతి వేరే ఉంది. 2000లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక స్టడీ వచ్చింది, అమెరికాలో 195 మందిని పండగ సీజన్‌లో తూస్తే సగటున పెరిగింది 0.37 కేజీయే. ఇంతేనా అనిపిస్తుంది కదా, కానీ ఆ తర్వాత ఏడాదంతా చూసినా అది తగ్గలేదంట. అలా ఏటా కొంచెం కొంచెం మిగిలిపోతే పదేళ్ళకి బెల్టుకి కొత్త చిల్లు పొడవాలి. కాబట్టి పండగ రోజు హాయిగా తిను, అటూ ఇటూ ఉన్న రోజులు చూసుకో.

వంటింటి_కాపలా:
పైన చెప్పింది కరెక్టే కానీ నీ తప్పు పొద్దున్నే జరిగింది తమ్ముడూ. ఖాళీ కడుపుతో విందుకి కూర్చుంటే ఎవరికీ కంట్రోల్ ఉండదు. పొద్దున ఒకటో రెండో గుడ్లు, కాస్త పండు తినేసి వెళ్ళు. కడుపు నిండిందని బుర్రకి తెలియడానికి 20 నిమిషాల దాకా పడుతుంది, నువ్వు పది నిమిషాల్లో రెండు ప్లేట్లు లాగించేస్తే పాపం దానికేం తెలుస్తుంది 😄 ఫస్ట్ ప్లేట్ అయ్యాక లేచి ఎవరితోనైనా కబుర్లు చెప్పు, అప్పుడు కూడా కావాలనిపిస్తే వేసుకో.
ఇంకోటి కూల్‌డ్రింక్స్. 330 ఎంఎల్ కోలా డబ్బాలో చక్కెర దాదాపు 35 గ్రాములుంటుంది, రోజుకి 2,000 కాలరీలు తినేవాళ్ళకి డబ్ల్యూహెచ్ఓ చెప్పిన లిమిటే 50, అదీ 25కి తగ్గిస్తే ఇంకా మంచిదంటారు. నేనైతే ఆ చక్కెరేదో నచ్చిన స్వీట్‌లో తింటా, తాగి వేస్ట్ చేసుకోను.
స్వీట్ డబ్బా మాత్రం ఫ్రిజ్‌లో కళ్ళెదురుగా పెట్టకు. లోపల కనపడని డబ్బాలో వేసి వెనక్కి తోసెయ్, కూరల గిన్నె ముందుకి లాగు.

అర్ధరాత్రి_ఆకలి:
అక్కా డబ్బా దాచింది నేనే, నాకు తెలియకుండా ఎలా దాచను 😭

వంటింటి_కాపలా:
ఇంకొకళ్ళ చేత దాపించు. లేదా చుట్టాలు వెళ్ళేటప్పుడు కట్టిచ్చెయ్, వాళ్ళూ సంతోషిస్తారు.

కొత్తకోడలు:
వద్దనడం గురించి నేను చెప్తా, మూడేళ్ళ అనుభవం. డైటింగ్ అనే మాట ఎత్తావో అయిపోయావు, బక్కచిక్కిపోయావు దగ్గర మొదలుపెట్టి గంట క్లాసు పీకుతారు. ప్లేట్ ఖాళీ చెయ్యకు, అదే పెద్ద ట్రిక్, ఖాళీ ప్లేట్ కనపడితే గరిటె దానంతట అదే వస్తుంది. ఏదో ఒకటి కొంచెం మిగుల్చుకుని మెల్లిగా తింటూ ఉండు. ఇంకా వదలకపోతే "చాలా బావుందత్తయ్యా, రాత్రికి దాచండి, అప్పుడు తింటా" అను. రాత్రికి ఎవరికీ గుర్తుండదు.

షుగర్_ఇల్లు:
ఒక్క మాట, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే ఈ పూట మానేసి ఆ పూట తినే లెక్కలు వాళ్ళ దగ్గర పెట్టకండి. మా నాన్న ఒకసారి పొద్దున టాబ్లెట్ వేసుకుని, విందు ఉంది కదా అని టిఫిన్ మానేశారు, పన్నెండు అయ్యేసరికి చెమటలు, చేతులు వణుకు. షుగర్ పడిపోయింది. ఇన్సులిన్, కొన్ని రకాల టాబ్లెట్లు వాడేవాళ్ళకి అది ప్రమాదం, డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. ఇప్పుడు మా ఇంట్లో భోజనం అవ్వగానే సోఫా ఎక్కకుండా అందరం పదిహేను నిమిషాలు నడుస్తాం, ఆయన రీడింగ్‌లో తేడా కనపడుతోంది.

అర్ధరాత్రి_ఆకలి:
అందరికీ థాంక్స్. ఇవాళ టిఫిన్ తిన్నా, మధ్యాహ్నం ఒక్క ప్లేటుతో ఆగా. డబ్బా చెల్లికిచ్చి దాచమన్నా. ఎక్కడ పెట్టావే అంటే చెప్పట్లేదు, మూతి మీద మాత్రం పొడి కనపడుతోంది.